చెలకలో గెంతే ఎలుక: చిన్న ఒళ్లు, తక్కువ పిల్లలు

ఎండాకాలం రాత్రి జనగామ నుంచి పాలకుర్తి వైపు బండి మీద పోతుంటే, చెలకల మధ్య ఒక్కోసారి లైటు వెలుగులోకి ఏదో చిన్న ప్రాణి వచ్చి పడుతుంది. పరుగెత్తదు, గెంతుతుంది. రెండు మూడు గెంతుల్లో అవతలి ఒడ్డెక్కి మాయమవుతుంది. చూసినవాళ్లకు గుర్తుండేది రెండే: పొడుగాటి తోక, దాని కొసన నల్లటి కుచ్చు. వెనక కూర్చున్నవాళ్లు కుందేలు పిల్ల అంటారు, నడిపేవాళ్లు ఎలుక అంటారు. ఎలుక అన్నవాళ్లదే ఒప్పు. కాకపోతే అది ఇంట్లో బియ్యం బస్తా కొరికే ఎలుక కాదు, వరి మడి ఒడ్డును బొక్కలు పెట్టే పందికొక్కూ కాదు.

దీన్ని జెర్బిల్ అంటారు. శాస్త్రీయ నామం టాటెరా ఇండికా. పడమట సిరియా, ఇరాక్, ఇరాన్ దగ్గర మొదలై పాకిస్తాన్, భారతదేశం మీదుగా శ్రీలంక దాకా ఉంటుంది కాబట్టి ఇది తెలంగాణ సొత్తేమీ కాదు. కానీ వరంగల్, జనగామ, కరీంనగర్ చుట్టూ ఉన్న ఎర్ర చెలకలు దానికి కొలత తీసి కుట్టించిన చొక్కాలాంటివి. తెలుగులో మాత్రం దీనికి అందరూ ఒప్పుకున్న పేరంటూ లేదు. 19వ శతాబ్దంలో దక్షిణాదిలో తిరిగిన ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్తలు రాసుకున్న పేర్లలో వడ్డెరలది 'యెరి యెల్క', యానాదులది 'తెల్ యెల్క' అని ఉంది. రెండోది తెల్ల ఎలుకే అయి ఉండాలి. వీపు ఎండిన గడ్డి రంగులో ఉన్నా, కడుపు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. బొరియ తవ్వి తోక పట్టుకుని పైకి లేపినవాడికి ముందుగా కనిపించేది ఆ కడుపే కదా.

ఈ జంతువును శాస్త్ర లోకానికి మొదట వర్ణించింది థామస్ హార్డ్‌విక్, 1807లో. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. ఉత్తరాన బెనారస్‌కూ హరిద్వార్‌కూ మధ్య దొరికిన ఈ ఎలుకను ఆయన 'డైపస్' అనే ప్రజాతిలో చేర్చాడు. డైపస్ అంటే రెండు కాళ్లది అని అర్థం. అది ఆసియా ఎడారుల్లో కంగారూలా గెంతే జెర్బోవాల ప్రజాతి. ఆయన వర్గీకరణ తప్పని తర్వాత తేలింది. జెర్బిల్‌కు రక్త సంబంధం మన ఇంటి ఎలుకతో, చిట్టెలుకతో. జెర్బోవాలది వేరే కుటుంబం. అయినా ఈ తప్పును తీసిపారేయడానికి లేదు. ఆయన ఎముకలు చూసి కాదు, నడక చూసి మోసపోయి ఉంటాడు. ఆ నడకే ఈ జంతువు కథలో సగం. మిగతా సగం దాని కాన్పు. ఎలుక అనగానే నెల తిరక్కుండా గంపెడు పిల్లలు అనే లెక్క జనం నోట్లో ఉంటుంది. ఆ లెక్క దీనికి కుదరదు.

ముందు కొలతలు. ఎలుకను కొలిచేటప్పుడు ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒక కొలత, తోక విడిగా ఒక కొలత, మడమ నుంచి వేలి కొస దాకా వెనక పాదం ఇంకో కొలత తీసుకుంటారు. పెద్ద జెర్బిల్ ఒళ్లు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది. తోక ఒళ్లంత పొడుగైనా ఉంటుంది, కాస్త ఎక్కువైనా ఉంటుంది. వెనక పాదం 4 సెంటీమీటర్ల అటూ ఇటూ. బరువు ఎక్కువగా 100 నుంచి 200 గ్రాముల మధ్య. అంటే అరచేతిలో పట్టే ప్రాణి, చెయ్యి మూస్తే తోకంతా బయటే ఉండిపోతుంది. దీని పక్కన వరి పొలాల చిన్న పందికొక్కును పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. దాని బరువు 200 నుంచి 400 గ్రాములు, మూతి మొద్దుగా ఉంటుంది, తోక ఒళ్లు కన్నా పొట్టి, బొచ్చు గరుకు. చెలకల్లోనే తిరిగే చిట్టెలుకైతే 10 గ్రాముల చుట్టూ తూగుతుంది. జెర్బిల్ వీటి నడుమ మధ్యతరగతి.

గెంతే ఎలుకలన్నింటినీ ఒక వరసలో నిలబెడితే మన జెర్బిల్ పెద్దవాటి జాబితాలోకే వస్తుంది. బలూచిస్తాన్ ఎడారిలో ఉండే మరుగుజ్జు జెర్బోవా ఒళ్లు 4 సెంటీమీటర్లు దాటితే గొప్ప, బరువు 3 గ్రాముల పైచిలుకు. ప్రపంచంలోని అతి చిన్న ఎలుక జాతుల్లో అదొకటి. తోక మాత్రం దాని ఒంటికి దాదాపు రెండింతలు. ఈజిప్టు చిన్న జెర్బోవా 50, 60 గ్రాములు. అమెరికా ఎడారుల కంగారూ ఎలుకల్లో మెరియమ్ జాతి 40 గ్రాములు. ఆస్ట్రేలియా ఎర్ర ఇసుకలో గెంతే ఎలుక 35 గ్రాములు. ఉత్తర అమెరికా గడ్డి మైదానాల గెంతుడు ఎలుక 12 నుంచి 30 గ్రాములు. వీటిలో చాలావాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. అయినా పొడుగు వెనక కాళ్లు, పొట్టి ముందు కాళ్లు, కొసన కుచ్చున్న తోక అన్న నమూనా వేర్వేరు ఖండాల్లో వేర్వేరుగా పుట్టుకొచ్చింది. చెట్టూ చేమా తక్కువ ఉన్న బయలు నేల, పైన గుడ్లగూబ, కింద పాము. ఈ మూడూ ఉన్న చోటల్లా ప్రకృతి దాదాపు ఇదే సమాధానం రాసింది.

గెంతడం వల్ల శక్తి ఆదా అవుతుందన్న మాట కంగారూ విషయంలో చెబుతారు. దాని మడమ దగ్గర కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పొడుగాటి స్నాయువులు స్ప్రింగులా సాగి, ముడుచుకుని, తర్వాతి గెంతుకు సాయం చేస్తాయి. చిన్న ఎలుకలకు ఇది అంతగా వర్తించదు. కంగారూ ఎలుకల కాళ్లను పరీక్షించినప్పుడు ఆ స్నాయువులు ఒంటికి మించిన మందంతో ఉన్నట్టు తేలింది. అవి సాగి శక్తి దాచుకోవడానికి కాదు, ఒక్కసారిగా వచ్చే పెద్ద తోపును తెగకుండా తట్టుకోవడానికి. కాబట్టి ఈ గెంతు దూర ప్రయాణానికి పనికొచ్చేది కాదు, ప్రాణం దక్కించుకోవడానికి పనికొచ్చేది. అమెరికాలో గుడ్లగూబలను, ఎడారి ఎలుకలను ఒకే ఆవరణలో ఉంచి గమనించినప్పుడు, రెండు కాళ్ల మీద గెంతేవి నాలుగు కాళ్ల మీద పరుగెత్తేవాటి కన్నా ఎక్కువసార్లు తప్పించుకున్నాయి. వేగం ఒక్కటే కారణం కాదు. గెంతే ఎలుక తర్వాతి గెంతు ఎటు వేస్తుందో పైనుంచి వచ్చే పక్షికి అంతు చిక్కదు.

దీనికి చెవి తోడు. జెర్బిల్ పుర్రె వెనక భాగంలో, చెవుల వెనక, రెండు గాలి బుడగల్లాంటి ఎముక గదులు ఉంటాయి. ఇంటి ఎలుకలో ఇవి చిన్నవి, జెర్బిల్ జాతుల్లో ఉబ్బి ఉంటాయి. గుడ్లగూబ రెక్క కదిలినప్పుడు పుట్టే మంద్రమైన చప్పుడు, పాము మీద పడబోయే ముందు లేచే సవ్వడి ఈ గదుల వల్ల స్పష్టంగా వినపడతాయి. వినపడ్డాక ఒక్క క్షణంలో గెంతాలి. చెవి, కాలు, తోక మూడూ ఒకే యంత్రంలోని భాగాలు.

అయితే మన జెర్బిల్ పూర్తికాలం గెంతే జంతువు కాదు. జెర్బోవా తీరిగ్గా తిరిగేటప్పుడు కూడా రెండు కాళ్ల మీదే ఉంటుంది. జెర్బిల్ మామూలుగా నాలుగు కాళ్ల మీద నడుస్తుంది, గింజ దొరికితే వెనక కాళ్ల మీద కూర్చుని ముందు కాళ్లతో పట్టుకుని తింటుంది, ఆపద వచ్చినప్పుడే గెంతు అందుకుంటుంది. సగం ఎలుక, సగం కంగారూ అనుకోవచ్చు. పిల్లల సంఖ్యలో కూడా అది ఇలాగే మధ్యలో ఆగిందనేది కింద లెక్క చూస్తే తెలుస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఎలుకల పటం గీయాలంటే ముందు నేల పటం పరవాలి. చెరువు కింద, కాలువ కింద తరి పొలం. పైన ఎత్తుగా ఉన్నచోట ఇసుక కలిసిన ఎర్ర చెలక. అక్కడక్కడ నల్ల రేగడి. పందికొక్కుకు తడి నేల, ఎత్తైన ఒడ్లు, దగ్గర్లో వరి కావాలి. అది బొరియ వాకిట్లో తవ్విన మట్టిని కుప్పపోసి, ద్వారాన్ని మట్టితో మూసేస్తుంది. కంకులు కొరికి లోపలి గదుల్లో దాచుకుంటుంది. జెర్బిల్ ఎంచుకునేది పల్లికాయ, మక్కజొన్న, పెసర, కంది వేసే చెలకలు, బీడు పడ్డ దుబ్బ నేలలు, గట్ల వెంట ముళ్ల పొదల మొదళ్లు. అక్కడ మట్టి సులువుగా తవ్వుడు పడుతుంది, వాన నీరు నిలవదు. రేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే బంకలా అంటుకుంటుంది. బొరియ కట్టుకునేవాడికి రెండూ కష్టమే.

వరంగల్ ప్రాంతంలో రోహిణి కార్తెలో పగలు 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంది. 150 గ్రాముల ఒంటికి ఆ ఎండలో బయట తిరగడం చావుతో సమానం. చిన్న ఒంటిలో బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకే వేడి త్వరగా లోపలికి వస్తుంది, నీరు త్వరగా బయటికి పోతుంది. మట్టిలో ఒక అరమీటరు లోతుకు పోతే పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా చాలా తగ్గిపోతుంది, గాలిలో తేమ కూడా నిలుస్తుంది. జెర్బిల్ పగలంతా అక్కడ ఉండి చీకటి పడ్డాక బయటికి వస్తుంది. తాగడానికి నీళ్లు లేని రోజుల్లో ఆకులు, దుంపలు, పురుగుల్లోని తేమతో నెట్టుకొస్తుంది, చిక్కటి మూత్రంతో నీటిని పొదుపు చేస్తుంది. పురుగులు అన్నమాట ఇక్కడ గమనించాలి. దీన్ని గింజలు తినే దొంగగా మాత్రమే చూస్తారు గానీ దీని తిండిలో మిడతలు, పేడపురుగుల్లాంటివీ ఉంటాయి.

ఇక కాన్పు. జెర్బిల్‌కు ఏడాదిలో ఏ నెలలోనైనా పిల్లలు కలగవచ్చు. కానీ అన్ని నెలలూ ఒకటి కావు. మిరుగు వానలు పడి, గడ్డి మొలిచి, పైర్లు గింజ పట్టే కాలానికి కాన్పులు ఎక్కువవుతాయి. యాసంగిలో బోర్ల కింద పల్లికాయ, మక్కజొన్న ఉన్నచోట రెండోసారి ఊపు వస్తుంది. ఎలుకలకు క్యాలెండర్ లేదు, కడుపే క్యాలెండర్. పచ్చటి మేత దొరికినప్పుడు ఆడదాని ఒంట్లో కొవ్వు, తేమ రెండూ పెరిగి ఎదకు వస్తుంది. ఎండు కాలంలో ఎద ఆగిపోవచ్చు.

గర్భం 28 నుంచి 30 రోజులు. వినడానికి తక్కువే. కానీ దీనికన్నా రెట్టింపు బరువుండే చిన్న పందికొక్కు గర్భం 21 నుంచి 23 రోజులే. పెద్ద జంతువుకు పెద్ద గర్భకాలం అనే మామూలు సూత్రం ఇక్కడ తిరగబడింది. కారణంలో కొంత భాగం జెర్బిళ్ల ఒంటి వేగంలో ఉంది. ఎండ ప్రాంతాల జెర్బిల్ జాతులు విశ్రాంతిలో ఉన్నప్పుడు తమ సైజు ఎలుకల కన్నా తక్కువ శక్తి ఖర్చు పెడతాయి. నిదానంగా మండే పొయ్యి మీద అన్నం నిదానంగానే ఉడుకుతుంది.

ఒక కాన్పులో పిల్లలు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉండవచ్చు. ఎక్కువగా కనిపించేది నాలుగు నుంచి ఆరు. ఈ అంకె ఎందుకొచ్చిందో తల్లి ఛాతీ, పొట్ట చూస్తే అర్థమవుతుంది. ఆడ జెర్బిల్‌కు చనుమొనలు ఎనిమిది: ఛాతీ వైపు నాలుగు, తొడల వైపు నాలుగు. ఎలుకల జాతులన్నింటినీ పోల్చి చూసిన పరిశోధకులు సగం సూత్రం ఒకటి గమనించారు. సగటు కాన్పులో పిల్లలు చనుమొనల సంఖ్యలో సుమారు సగం ఉంటాయి, గరిష్ఠ కాన్పు దాదాపు చనుమొనలంత ఉంటుంది. ఎనిమిదికి సగం నాలుగు, జెర్బిల్ కాస్త అటూ ఇటూగా ఆ గీత మీదే ఉంది. చిన్న పందికొక్కుకు చనుమొనలు పద్నాలుగు, పదహారు, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. అందుకే దాని కాన్పులో ఆరు నుంచి పది పిల్లలు మామూలు. వరి పొలం రైతుకు ఎలుకల మీద ఉన్న కోపానికి మూలం ఇక్కడుంది. అది పందికొక్కు లెక్క. చెలక జెర్బిల్ లెక్క అంత దూరం పోదు.

పుట్టిన పిల్లలు గులాబీ రంగులో, బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని, ఒక్కొక్కటి కొద్ది గ్రాముల బరువుతో ఉంటాయి. రెండు, మూడు వారాల మధ్య కళ్లు తెరుస్తాయి. మూడు నాలుగు వారాలకు పాలు మానతాయి. మూడు నాలుగు నెలలకు ఈడుకొస్తాయి. మరి పిల్లలు పుట్టేసరికే కాళ్లు పొడుగ్గా ఉంటాయా అంటే, గెంతే ఎలుకల్లో సాధారణంగా అలా ఉండదు. జెర్బోవా పిల్ల పుట్టినప్పుడు దాని వెనక కాలు తర్వాత కనిపించేంత వింతగా ఉండదు. పుట్టాకే పాదం ఎముకలు మిగతా ఒంటిని మించి సాగుతాయి. 2013లో వెలువడిన ఒక పరిశోధన ఆ సాగుడు ఎలా జరుగుతుందో చూపింది. ఎముక కొసల్లోని మృదులాస్థి కణాలు జెర్బోవా పాదంలో మామూలు చిట్టెలుక పాదంలో కన్నా చాలా ఎక్కువగా ఉబ్బుతాయి. ఒక్కో కణం ఉబ్బినంత మేర ఎముక పొడుగవుతుంది. ఈ ఏర్పాటుకు ధర ఉంది. జెర్బోవా పిల్ల గూడు విడిచి తల్లిలా గెంతడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. ఆ కాలంలో తల్లి కాపలా కావాలి. ఒకే కాన్పులో డజను పిల్లల్ని అలా పెంచడం ఆ నేల మీద సాధ్యం కాదు.

ఇక్కడ ఒక తొందరపాటుకు అవకాశం ఉంది. గెంతే జంతువు కాబట్టి పిల్లలు తక్కువ అని ముడి పెట్టేస్తే అయిపోయిందనిపిస్తుంది. కొన్ని అంకెలు దానికి మద్దతుగానే ఉన్నాయి. మెరియమ్ కంగారూ ఎలుక గర్భం 33 రోజుల దాకా, కాన్పుకు రెండు మూడు పిల్లలు. ఆస్ట్రేలియా గెంతుడు ఎలుక గర్భం 32 రోజులకు పైనే, చనుమొనలు నాలుగే, పిల్లలు మూడు నాలుగు. పూర్తిగా రెండు కాళ్ల మీద బతికేవాటికి రెండు, మూడు, నాలుగు. సగం గెంతే జెర్బిల్‌కు నాలుగు నుంచి ఆరు. గెంతని పందికొక్కుకు ఆరు నుంచి పది. మెట్లు కట్టినట్టుంది వరస.

కానీ ఉత్తర అమెరికా గడ్డి మైదానాల గెంతుడు ఎలుక ఈ వరసను చెడగొడుతుంది. అది బాగా గెంతుతుంది. గర్భం మాత్రం 18 రోజులు, కాన్పుకు ఐదారు పిల్లలు, వేసవిలో రెండు మూడు కాన్పులు. దాని నేల పొడి నేల కాదు, తేమ నిండిన పచ్చిక. ఏడాదిలో సగానికి పైగా మంచు కింద నిద్రపోతుంది, ఆ నిద్రలోంచి లేవనివి చాలా ఉంటాయి. మిగిలిన కొద్ది వేసవిలోనే వంశం నిలబెట్టుకోవాలి. కాబట్టి అది తొందరపడుతుంది. గెంతు ఉన్నా పిల్లలు తగ్గలేదంటే, పిల్లల సంఖ్యను తగ్గించింది గెంతు కాదన్నమాట. పొడి, బయలు, నమ్మకం లేని వానలున్న నేల ఒకవైపు గెంతునూ, ఇంకోవైపు తక్కువ కాన్పునూ పెంచింది. అవి రెండూ ఒక తల్లి పిల్లలు, ఒకదానికొకటి తల్లి కావు.

పొడి నేలలో ఎక్కువ పిల్లల్ని కనడం ఎందుకు నష్టం? మేత ఏ ఏడు ఎంత దొరుకుతుందో తెలియదు. ఎనిమిది పిల్లలకు పాలిచ్చే తల్లికి కావలసిన నీరు, శక్తి కరువు నెలల్లో దొరకవు. తొందరపడి కన్నవన్నీ పోతాయి, తల్లి కూడా పోవచ్చు. అదే తల్లి తప్పించుకునే నేర్పుతో ఇంకో ఏడు బతికితే మంచి వానలప్పుడు మళ్లీ కంటుంది. బోనులో పెంచిన జెర్బోవాలు ఐదారేళ్లు బతుకుతాయి. వాటికన్నా పెద్దదైన ఇంటి ఎలుక మూడేళ్లు బతికితే ఎక్కువ. పిల్లల మీద కాకుండా పెద్దల ప్రాణం మీద పెట్టిన పెట్టుబడి అది.

అయినా తక్కువ అన్నది పందికొక్కుతో పోల్చినప్పుడే. ఎలుకల ఆడవి కాన్పైన ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ చూలు దాల్చగలవు. మంగోలియా జెర్బిల్‌లో దీన్ని బాగా గమనించారు. ఒకవైపు పాలిస్తూ ఇంకోవైపు గర్భం మోస్తున్న తల్లిలో పిండాలు గర్భాశయానికి అంటుకోవడం ఆలస్యమై, మామూలుగా 25 రోజుల గర్భం 40 రోజుల దాకా సాగుతుంది. శరీరం తనకు తానే వేసుకునే బ్రేకు అది. మన చెలక జెర్బిల్ మంచి మేతున్న నాలుగు నెలల్లో ఆగకుండా కన్నదనుకుంటే, కాన్పుకు ఐదు చొప్పున నాలుగు కాన్పులు, ఇరవై పిల్లలు. కాగితం మీద లెక్క ఇది. ఊరి చెలకల్లో జెర్బిళ్ల సంఖ్య ఏటా ఒకేలా ఉందంటే ఒక జంటకు బదులు ఒక జంటే మిగిలిందని అర్థం. ఇరవైలో రెండు నిలిచాయి, పద్దెనిమిది పోయాయి. గుడ్లగూబ, నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, ముంగిస, నక్క, ఉడుము, అడవి పిల్లి పంచుకున్న వాటా అది. వానకు కూలిన బొరియల్లో పోయినవీ ఉంటాయి. వీటిలో రెండు మూడు వాటాదారులు ఊరి నుంచి మాయమైతే ఇరవైలో రెండుకు బదులు ఐదారు మిగులుతాయి. ఒక్క ఏడులోనే సంఖ్య రెండింతలు దాటుతుంది. రైతు చెలకలో జెర్రిపోతును కొట్టి చంపి, ఆ మరుసటి నెల మందుల దుకాణానికి పోవడం ఈ లెక్క తెలియకే.

మందు సంగతి. పొలాల ఎలుకలకు వాడేవి ప్రధానంగా రెండు. జింక్ ఫాస్ఫైడ్ వెంటనే చంపుతుంది, కానీ కొద్దిగా తిని బతికిన ఎలుక ఆ ఎరను మళ్లీ ముట్టదు. అందుకే ముందు రెండు రోజులు మందు కలపని ఎర అలవాటు చేయాలి. బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల్లో చంపుతుంది కాబట్టి ఎలుకకు అనుమానం రాదు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో వేయమని వ్యవసాయ అధికారులు చెప్పే పాళ్లు ఇవే. ఏ మందైనా ఎప్పుడు వేశారన్నది ముఖ్యం. పైరు గింజ పట్టాక, కాన్పులు సాగుతున్నప్పుడు వేస్తే చచ్చినవాటి చోటు పిల్లలు నింపుతాయి. ఎండాకాలం చివర, మిరుగుకు ముందు, సంఖ్య అడుగంటి కాన్పులు ఆగినప్పుడు ఊరంతా కలిసి ఒకేసారి వేస్తే దాని ప్రభావం వానాకాలమంతా ఉంటుంది. జెర్బిల్ విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెల్లుతుంది. దాని కాన్పు చిన్నది, గర్భం పొడుగు. ఒకసారి తగ్గితే పందికొక్కులా పుంజుకోలేదు. ఒక్క రైతు తన రెండెకరాల్లో మాత్రమే వేస్తే పక్క చెలకలోవి నాలుగు గెంతుల్లో వచ్చి ఖాళీ బొరియల్లో దిగుతాయి.

నేల మారితే ఎలుక మారుతుందనడానికి ఉదాహరణ రాజస్థాన్‌లో ఉంది. ఇందిరా గాంధీ కాలువ నీళ్లు పారాక అక్కడ పగటిపూట తిరిగే ఎడారి జెర్బిల్ సాగునేలల్లో వెనకబడింది. తేమను కాస్త ఇష్టపడే జాతులు ముందుకొచ్చాయి, అందులో మన టాటెరా ఇండికా ఒకటి. ఇక్కడ పొడి నేల జంతువుగా పేరుపడ్డది అక్కడ తడి వైపు జంతువు! వరంగల్ వైపు మాత్రం నీరు వస్తే దీని వంతు వెనక్కి జరగడం. శ్రీరాంసాగర్ కాలువ, దేవాదుల ఎత్తిపోతలు, పూడిక తీసిన చెరువులు, వేల బోర్లు కలిసి చెలకల్ని తరి చేసిన చోట ఒడ్లు పెరిగాయి, వరి వచ్చింది, వెనకే పందికొక్కుకు నచ్చే ఇల్లు తయారైంది. జెర్బిల్‌కు మిగిలేది నీరెక్కని గడ్డలు, బీళ్లు, గుట్టల అంచులు. తాతల నాటి పల్లికాయ చేలో ఎలుకలకు వాడిన ఉపాయం ఇవాళ అదే సర్వే నంబర్లోని వరి మడిలో పనిచేయకపోతే ఆశ్చర్యం లేదు. ఎలుకే మారిపోయింది.

జెర్బిల్‌ను చేత్తో పట్టుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దక్షిణ భారతంలో ప్లేగు క్రిమిని ఊళ్ల బయట, అడవి స్థాయిలో నిలబెట్టే ఎలుకగా పరిశోధకులు గుర్తించింది దీన్నే. ఇవాళ ప్లేగు భయం లేకపోయినా చచ్చిన ఎలుకను ఉత్త చేత్తో ఎత్తకుండా పాతిపెట్టాలన్న జాగ్రత్త పాతబడలేదు.

చెలకలో ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి ఎలుకను చూడాల్సిన పనేమీ లేదు. సాయంత్రం పొద్దుగూకే ముందు కనిపించిన బొరియలన్నింటినీ మట్టితో మూసేయాలి. తెల్లవారి పోయి ఎన్ని తెరుచుకున్నాయో లెక్కపెట్టాలి. తెరుచుకున్నవే బతికి ఉన్న బొరియలు, ఎర వేయాల్సింది వాటిలోనే. వాకిట్లో తాజా మట్టి కుప్ప పోసి మళ్లీ మూసినట్టుంటే అది పందికొక్కు. కుప్ప లేకుండా, మెత్తటి దుమ్ములో జంటగా పడ్డ పొడుగాటి పాదాల ముద్రలు, వాటి మధ్య తోక ఈడ్చిన సన్నటి గీత ఉంటే రాత్రి బండి లైటులో గెంతినది అక్కడే ఉంటోంది.